అమెరికాలో చర్చికీ ప్రభుత్వానికీ మధ్య గోడ: ఎవరు కట్టారు, ఇప్పుడు ఎక్కడ నిలిచి ఉంది

మీ ప్రశ్నను నాకు అర్థమైన మేరకు ముందు చెబుతాను. డాలరు నోటు మీద దేవుణ్ణి నమ్ముతున్నామని అచ్చు వేసుకున్న దేశం, చట్టసభను ప్రార్థనతో మొదలుపెట్టే దేశం, అధ్యక్షుడు బైబిలు మీద చేయి పెట్టి ప్రమాణం చేసే దేశం, బడిలో మాత్రం ఉపాధ్యాయుడు పిల్లల చేత ప్రార్థన చేయించకూడదని ఎలా అంటుంది? చర్చికీ ప్రభుత్వానికీ మధ్య గోడ ఉందన్నది నిజమా, మాటవరసకు చెప్పుకొనేదా? ఎన్నికల కాలంలో మీ ఊరి ఆలయ కమిటీ ఒక అభ్యర్థిని పిలిచి సన్మానించవచ్చా? ఇవీ మీరు అడిగినవి. నేను న్యూజెర్సీలో పాతికేళ్లుగా న్యాయవాద వృత్తిలో ఉన్నాను. ఆలయాలు, గురుద్వారాలు, చిన్న చిన్న చర్చిల రిజిస్ట్రేషన్, స్థల అనుమతుల పనులే ఎక్కువగా చూస్తాను. చరిత్ర కాస్త ఎక్కువగానే చెబుతాను గానీ, ఆఖరికి మీ కమిటీ సంగతికి తప్పక వస్తాను.

తికమకలో సగం మన అలవాటు వల్ల వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లోనో తెలంగాణలోనో పెరిగినవారికి ప్రభుత్వం గుడి లోపల ఉండటం వింతగా తోచదు. దేవాదాయ శాఖ ఉంటుంది, దానికొక మంత్రి ఉంటారు, 1987 నాటి దేవాదాయ చట్టం ఉంటుంది, పెద్ద ఆలయాలకు కార్యనిర్వహణాధికారిని ప్రభుత్వమే నియమిస్తుంది, తిరుమల తిరుపతి దేవస్థానాల ఈవోగా ఐఏఎస్ అధికారి వస్తారు. ఆదాయం లేని గుళ్లకు ధూపదీప నైవేద్యం పథకం కింద సొమ్ము అందుతుంది. మన రాజ్యాంగం దీన్ని తప్పు పట్టదు సరికదా, మతాచరణతో ముడిపడిన ఆర్థిక, లౌకిక వ్యవహారాలను నియంత్రిస్తూ చట్టాలు చేయవచ్చని 25వ అధికరణంలో చెప్పే ఉంచింది. ఇక్కడ పిట్స్‌బర్గ్ వేంకటేశ్వరాలయానికి ఈవోను పెన్సిల్వేనియా గవర్నరు నియమించడమన్న ఊహే ఎవరికీ రాదు. ఆ గుడిని దాని బోర్డే నడుపుకుంటుంది. భవన నిర్మాణ నిబంధనలు, అగ్నిమాపక నిబంధనలు, పన్ను కాగితాలు మినహా ప్రభుత్వానికి అక్కడ పనిలేదు. అయినా అదే దేశంలో ఎన్నికల సభల్లో దేవుడి పేరు మనకంటే ఎక్కువగానే వినిపిస్తుంది. ఈ రెండూ పొసగవని మనకు అనిపిస్తుంది, వాళ్లకు అనిపించదు. ఎందుకంటే వాళ్లు గోడ కట్టుకున్నది ప్రభుత్వాధికారానికీ ఆరాధనకూ మధ్య; మతానికీ రాజకీయానికీ మధ్య ఎన్నడూ కట్టుకోలేదు. ఈ ఒక్క తేడా పట్టుకుంటే మిగతావి చాలావరకు సర్దుకుంటాయి.

అసలు గోడ అన్న మాట అమెరికా రాజ్యాంగంలో లేదు. 1791లో అమల్లోకి వచ్చిన మొదటి సవరణలో మతం గురించి ఉన్నది ఒక్క వాక్యంలో రెండు ముక్కలు: మత స్థాపనకు, అంటే ఒక మతాన్ని అధికారికం చేయడానికి, సంబంధించి కాంగ్రెస్ (అమెరికా కేంద్ర చట్టసభ) ఏ చట్టమూ చేయరాదన్నది మొదటిది, మతాన్ని స్వేచ్ఛగా ఆచరించడాన్ని నిషేధించరాదన్నది రెండోది. అంతకుముందే మూల రాజ్యాంగంలోని ఆరో అధికరణం, ఏ ప్రభుత్వ పదవికైనా మతపరమైన అర్హత పరీక్ష పెట్టకూడదని చెప్పింది. గోడ అన్న మాటను ప్రచారంలోకి తెచ్చింది 1802 జనవరి 1న అప్పటి అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ రాసిన ఒక ఉత్తరం. కనెక్టికట్ రాష్ట్రంలోని డాన్‌బరీ బాప్టిస్టుల సంఘం తమ గోడు చెప్పుకొంటూ రాసిన లేఖకు అది జవాబు. ఆ రాష్ట్రంలో అప్పటికి కాంగ్రిగేషనల్ చర్చి అధికారిక చర్చి. దాని పోషణకు అందరూ పన్ను కట్టాలి. బాప్టిస్టు కట్టనక్కరలేదనిపించుకోవాలంటే తాను ఫలానా సంఘంలో సభ్యుణ్ణని ధ్రువపత్రం దాఖలు చేసుకోవాలి. మా మత స్వేచ్ఛను మీరు దయతో ఇచ్చిన సౌకర్యంగా చూస్తున్నారు, అది మా హక్కు అన్నది వారి ఫిర్యాదు. అంటే గోడ అడిగినవారు నాస్తికులు కారు. పొద్దున లేస్తే బైబిలు చదువుకొనే గ్రామీణ బాప్టిస్టులు. అంతకు నూటయాభై ఏళ్ల ముందు, 1644లో, రోజర్ విలియమ్స్ అనే మతబోధకుడు ఇదే ఉపమానాన్ని వాడాడు; ఆయన దృష్టిలో చర్చి ఒక తోట, లోకం ఒక అడవి, వాటి మధ్య గోడ ఉండవలసింది తోట పాడైపోకుండా.

జెఫర్సన్ ఆ ఉత్తరం మీద సంతకం చేసిన రోజే ఆయన ఇంటికి ఒక కానుక వచ్చింది. మసాచుసెట్స్‌లోని చెషైర్ అనే పల్లె నుంచి బాప్టిస్టు బోధకుడు జాన్ లేలండ్ 1,235 పౌండ్ల చీజ్ ముద్దను, అంటే మన లెక్కలో ఐదున్నర క్వింటాళ్లకు పైమాటను, మంచులో స్లెడ్జి మీదా పడవ మీదా ఎక్కించుకుని తెచ్చాడు. మత స్వేచ్ఛకు నిలబడిన అధ్యక్షుడికి ఊరి రైతులంతా తమ ఆవుల పాలు పోగుచేసి చేసిన బహుమానమది. రెండు రోజుల తరువాత, ఆదివారం నాడు, ప్రతినిధుల సభ హాలులోనే జరిగిన ఆరాధనకు జెఫర్సన్ హాజరయ్యాడు. ఆ రోజు ప్రసంగించినది ఆ లేలండే. గోడ గురించి రాసిన చేతి సిరా ఆరకముందే చట్టసభ గదిలో కూర్చుని ప్రసంగం విన్న ఈ మనిషిని ఉభయ పక్షాలవారూ తమవాడంటారు. గోడను పూర్తిగా ఎత్తుగా కోరుకొనేవారు ఉత్తరాన్ని చూపిస్తారు, వద్దనేవారు ఆదివారాన్ని చూపిస్తారు. నాకు తోచేదేమిటంటే, ఆయన దేనికి అభ్యంతరం పెట్టాడో అది చూడాలి: ఒకడి నమ్మకానికి ఇంకొకడి చేత పన్ను కట్టించడానికి, నమ్మకం లేదని శిక్షించడానికి ఆయన అభ్యంతరం పెట్టాడు.

ఆ అభ్యంతరం వర్జీనియాలో పుట్టింది. అక్కడ అధికారిక చర్చి ఆంగ్లికన్. అనుమతి లేకుండా ప్రసంగించారని బాప్టిస్టు బోధకులను జైళ్లలో పెట్టేవారు. పక్క కౌంటీలో ఐదారుగురు మంచి మనుషులు చెరసాలలో ఉన్నారని తరువాతి కాలంలో అధ్యక్షుడైన జేమ్స్ మాడిసన్ యువకుడిగా 1774లో స్నేహితుడికి ఆగ్రహంతో రాశాడు. స్వాతంత్ర్యం వచ్చాక 1784లో వర్జీనియా నాయకుడు పాట్రిక్ హెన్రీ ఒక బిల్లు తెచ్చాడు. అది చూడటానికి ఉదారంగానే ఉంది: క్రైస్తవ బోధకుల పోషణకు అందరూ పన్ను కడతారు, తమ సొమ్ము ఏ చర్చికి చేరాలో ఎవరికి వారే చెప్పవచ్చు. మాడిసన్ దీన్ని ఎదిరించి 1785లో ఒక విజ్ఞాపన రాసి జనంలో తిప్పాడు. ఇవాళ మూడు పెన్నీలు బలవంతంగా తీసుకొనే అధికారం ఒప్పుకుంటే, రేపు అదే అధికారం మరేదైనా చేయించగలదన్నది ఆయన వాదనకు ఆయువుపట్టు. బిల్లు వీగిపోయింది, జెఫర్సన్ ఎన్నడో రాసిపెట్టిన మత స్వేచ్ఛా చట్టం 1786 జనవరిలో గెలిచింది. జెఫర్సన్ సమాధి మీద చెక్కిన మూడు పనుల్లో అధ్యక్ష పదవి లేదు, ఈ చట్టం ఉంది.

ఇక్కడ చాలామంది జారిపోయే మెలిక ఒకటుంది. మొదటి సవరణ కట్టడి చేసింది కాంగ్రెస్‌ను, అంటే కేంద్రాన్ని మాత్రమే. రాష్ట్రాలు తమ అధికారిక చర్చిలను తాము ఉంచుకున్నాయి. కనెక్టికట్ 1818 దాకా, మసాచుసెట్స్ 1833 దాకా. అంతర్యుద్ధం తరువాత 1868లో వచ్చిన పద్నాలుగో సవరణ ద్వారా ఈ హక్కులు రాష్ట్రాలకూ వర్తిస్తాయని సుప్రీంకోర్టు ఒక్కొక్కటిగా చెబుతూ వచ్చింది. మత స్వేచ్ఛ విషయంలో 1940లో, మత స్థాపన నిషేధం విషయంలో 1947లో. ఆ 1947 కేసు మా న్యూజెర్సీదే. ట్రెంటన్ పక్కనున్న యూయింగ్ టౌన్‌షిప్‌లో కాథలిక్ బడికి వెళ్లే పిల్లల బస్సు ఛార్జీలను కూడా స్థానిక ప్రభుత్వం తల్లిదండ్రులకు తిరిగి చెల్లించేది. న్యాయమూర్తి హ్యూగో బ్లాక్ తీర్పులో జెఫర్సన్ గోడను తెచ్చి, అది ఎత్తుగా, దాటరానిదిగా ఉండాలని రాసి, చివరికి బస్సు ఛార్జీలు మాత్రం గోడ దాటలేదని న్యాయమూర్తుల్లో 5-4 మెజారిటీతో తేల్చారు. అంటే రోడ్డు, పోలీసు, నీటిగొట్టం మాదిరిగా బస్సు కూడా అందరికీ ఇచ్చే సౌకర్యమేనని. ఆధునిక గోడకు పునాది పడిన తీర్పులోనే ఒక చిన్న తలుపు కూడా పడిందన్నమాట.

బడిలో ప్రార్థన సంగతికి వద్దాం. దీన్ని క్రైస్తవులకూ ఇతరులకూ మధ్య తగాదాగా చూడటం అలవాటైపోయింది గానీ, మొదటి రక్తం చిందింది క్రైస్తవుల మధ్యనే. పంతొమ్మిదో శతాబ్దపు ప్రభుత్వ బడుల్లో చదివించేది ప్రొటెస్టెంట్ల కింగ్ జేమ్స్ బైబిలు. మా పిల్లలు మా బైబిలు చదువుకుంటారని కాథలిక్కులు అడిగినందుకు 1844లో ఫిలడెల్ఫియాలో అల్లర్లు చెలరేగి, మనుషులు చచ్చిపోయి, సెయింట్ మైకేల్, సెయింట్ అగస్టీన్ చర్చిలు కాలిపోయాయి. ఏ ప్రార్థన అన్న ప్రశ్నకు ప్రభుత్వం జవాబు చెప్పబోతే ఏమవుతుందో ఆ నగరం చూసింది. 1962లో న్యూయార్క్ కేసు వచ్చేటప్పటికి అధికారులు తెలివిగా, ఏ శాఖవారికీ అభ్యంతరం లేకుండా 22 ఇంగ్లిష్ మాటల్లో ఒక ప్రార్థన రాసి బడులకు ఇచ్చారు. ప్రభుత్వం ప్రార్థనలు రాసే పనిలో ఉండకూడదని సుప్రీంకోర్టు 6-1తో కొట్టేసింది. తీర్పు రాసినది మళ్లీ హ్యూగో బ్లాకే. ఆయన ఒకప్పుడు అలబామాలో బాప్టిస్టు సండే స్కూల్లో పాఠాలు చెప్పినవారు. మరుసటి ఏడు బైబిలు పఠనాన్ని కూడా కోర్టు ఆపింది, అయితే బైబిలును సాహిత్యంగా, చరిత్రగా చదవడానికి అడ్డు లేదని అదే తీర్పులో చెప్పింది. పిల్లవాడు పరీక్షకు ముందు తనంతట తాను కళ్లు మూసుకుని ఆంజనేయ దండకం చదువుకుంటే ఆ రోజూ అభ్యంతరం లేదు, ఈ రోజూ లేదు. ఉపాధ్యాయుడు చదివించడమే తప్పు.

ఈ సూత్రం మనవైపుకు తిరిగినప్పుడు ఎలా ఉంటుందో చూడండి. 1970లలో న్యూజెర్సీలోని ఐదు హైస్కూళ్లలో మహర్షి మహేశ్ యోగి ప్రచారం చేసిన భావాతీత ధ్యానం ఐచ్ఛిక పాఠంగా పెట్టారు. ఇది మతం కాదు, శాస్త్రం అన్నది నిర్వాహకుల వాదన. అయితే ప్రతి విద్యార్థీ మంత్రం పుచ్చుకోవడానికి ఒక ఆదివారం బడి బయట జరిగే పూజకు వెళ్లాలి, వెళ్లేటప్పుడు పళ్లు, పూలు, ఒక తెల్ల చేతిరుమాలు పట్టుకెళ్లాలి. బల్ల ముందు విద్యార్థి నిలబడి ఉండగా ఉపాధ్యాయుడు సంస్కృతంలో స్తోత్రం చదివి గురుదేవుడికి సమర్పణలు చేస్తాడు. కొందరు తల్లిదండ్రులు కోర్టుకు వెళ్లారు. ఫెడరల్ కోర్టు 1977లో, అప్పీలు కోర్టు 1979లో ఇది మతాన్ని బడిలో స్థాపించడమేనని తేల్చాయి. పళ్లెంలో పళ్లూ పూలూ పెట్టి, శ్లోకం చదివి, ఇది పూజ కాదంటే మన అమ్మమ్మలైనా ఒప్పుకొనేవారా? తరువాత 2015లో కాలిఫోర్నియా అప్పీలు కోర్టు ముందుకు ఎన్సినిటాస్ బడుల యోగా కేసు వచ్చింది. అక్కడ సంస్కృత పేర్లు తీసేసి, ఆసనాలను వ్యాయామంగా నేర్పుతున్నారు కాబట్టి అది మతం కాదని కోర్టు అంది. యోగాకు ఇది గెలుపా ఓటమా అన్నది మీరు యోగాను ఏమనుకుంటారన్నదాన్ని బట్టి ఉంటుంది.

మరో బడి కేసు మన కోర్టుల దాకా ప్రయాణించింది. జాతీయ జెండాకు వందనం తమ దైవానికి ద్రోహమని నమ్మే యెహోవాసాక్షుల పిల్లలను బడి నుంచి పంపేస్తే, 1940లో సుప్రీంకోర్టు బడిని సమర్థించి, మూడేళ్లకే తన తప్పు దిద్దుకుని, ఎవరి చేతా నమ్మకాన్ని బలవంతంగా పలికించరాదని 1943లో వెస్ట్ వర్జీనియా కేసులో చెప్పింది. సాంకేతికంగా అది వాక్ స్వేచ్ఛ తీర్పే అయినా దాని ప్రాణం మత స్వేచ్ఛలోనే ఉంది. కేరళలో జాతీయగీతం పాడకుండా మౌనంగా నిలబడినందుకు బడి నుంచి తీసేసిన అదే మతశాఖ పిల్లల కేసు 1986లో మన సుప్రీంకోర్టుకు వచ్చినప్పుడు, తెలుగువారైన న్యాయమూర్తి ఓ. చిన్నప్పరెడ్డి ఆ అమెరికా తీర్పులను పరిశీలించి పిల్లల పక్షాన తీర్పు రాశారు.

ఇక మీరు ఎత్తిచూపిన నోటు, ప్రమాణం, చట్టసభ ప్రార్థన. నాణేల మీద దేవుడి మాట అంతర్యుద్ధ కాలంలో, 1864లో మొదలైంది. జెండా ప్రతిజ్ఞలో దేవుడి ప్రస్తావన చేర్చింది 1954లో, జాతీయ నినాదంగా చేసింది 1956లో. దేవుణ్ణి నమ్మని కమ్యూనిస్టు రష్యాకు తాము వేరని చూపుకోవడం అప్పటి రాజకీయ అవసరం. ఇవి ఆచారంగా మారిపోయాయి కాబట్టి వీటిని కోర్టులు కదిలించలేదు. ఇది తర్కం కంటే అలవాటుకు ఇచ్చిన మన్నింపు అని నేను అనుకుంటాను. చట్టసభ ప్రార్థనలకు కారణం చరిత్రే: మొదటి సవరణ రాసిన 1789 నాటి కాంగ్రెసే జీతమిచ్చి మతగురువును పెట్టుకుంది, కాబట్టి దాన్ని వారు నిషేధించారనలేమని 1983లో నెబ్రాస్కా కేసులో కోర్టు అంది. ఆ తలుపు నుంచి మనవారూ వెళ్లారు. వాజపేయి కాంగ్రెస్‌నుద్దేశించి మాట్లాడిన 2000 సెప్టెంబరు 14న ఒహాయో రాష్ట్రం పార్మా పట్టణంలోని శివవిష్ణు ఆలయ అర్చకుడు ప్రతినిధుల సభలో తొలి హిందూ ప్రార్థన చేశారు. 2007 జులైలో సెనేట్‌లో తొలి హిందూ ప్రార్థన జరిగేటప్పుడు మాత్రం సందర్శకుల గ్యాలరీ నుంచి కొందరు కేకలు వేసి అడ్డుపడ్డారు, పోలీసులు వారిని బయటికి తీసుకెళ్లారు.

ప్రమాణానికి బైబిలు తప్పనిసరి అన్నది అపోహ. ప్రమాణమైనా చేయవచ్చు, దేవుడి పేరు లేకుండా దృఢవచనమైనా పలకవచ్చని రాజ్యాంగంలోనే ఉంది. 1853లో అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ పియర్స్ ఆ రెండో పద్ధతినే ఎంచుకున్నాడు. మేరీల్యాండ్ ఇందుకు మంచి ఉదాహరణ. దేవుణ్ణి నమ్ముతున్నానని ప్రకటించనందుకు ఆ రాష్ట్రంలో ఒకతనికి నోటరీ పదవి కూడా ఇవ్వలేదు. 1961లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆ షరతును కొట్టేసింది. హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ 2023 జనవరిలో లెఫ్టినెంట్ గవర్నరుగా భగవద్గీత మీద ప్రమాణం చేసినది ఆ మేరీల్యాండ్‌లోనే.

ఇంతవరకు చెప్పినది ఇరవయ్యో శతాబ్దపు గోడ. గత పాతికేళ్లలో అది చాలా పక్కకు జరిగింది, డబ్బు వైపు మరీ ఎక్కువగా. క్లీవ్‌లాండ్ తల్లిదండ్రులు ప్రభుత్వం ఫీజుల కోసం ఇచ్చే వోచర్లతో మతసంస్థల బడులకు పిల్లలను పంపవచ్చని 2002లో కోర్టు అనుమతించింది. అనుమతి నెమ్మదిగా బాధ్యతగా మారింది: ప్రైవేటు బడులకు సాయం చేసే రాష్ట్రం మతసంస్థల బడులను మాత్రమే మినహాయించకూడదని 2020లో మోంటానా కేసులో, 2022లో మెయిన్ రాష్ట్రపు కేసులో చెప్పింది. నిన్నటిదాకా రాజ్యాంగానికి కట్టుబడటమనుకున్న పని ఇవాళ వివక్ష అయిందని న్యాయమూర్తి సోనియా సొటోమేయర్ భిన్నాభిప్రాయంలో వాపోయారు. ఓక్లహోమాలో ఏకంగా కాథలిక్ చర్చి నడిపే ఆన్‌లైన్ బడిని పబ్లిక్ చార్టర్ స్కూలుగా (ప్రభుత్వ సొమ్ముతో వేరే సంస్థ నడిపే బడిగా) గుర్తించాలన్న ప్రయత్నం జరిగితే, 2025 మేలో సుప్రీంకోర్టు 4-4గా చీలిపోవడం వల్ల రాష్ట్ర కోర్టు ఇచ్చిన నిరాకరణ నిలిచింది. పూర్తి బెంచి కూర్చునే మరో కేసు కోసం ఇప్పుడు అందరూ ఎదురుచూస్తున్నారు. మన గుళ్లకు దీనితో సంబంధం లేదనుకోకండి. కోవిడ్ కాలంలో, 2020లో ఉద్యోగుల జీతాల కోసం ఇచ్చిన ఫెడరల్ రుణాలకు చర్చిలతో పాటు మన ఆలయాలూ అర్హమయ్యాయి, వాటిలో అర్చకుల జీతాలూ కలిశాయి. మాడిసన్ మూడు పెన్నీలు ఆ ఏడాది ఎవరికీ గుర్తు రాలేదు.

డబ్బు సంగతి కంటే నన్ను ఎక్కువ కలవరపెట్టేది తరగతి గది, ఆటస్థలం. 2022లో తీర్పు వచ్చిన బ్రెమర్టన్ కేసు చదవండి. వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక ప్రభుత్వ హైస్కూలు ఫుట్‌బాల్ కోచ్ ఆట ముగిశాక మైదానం నడిమధ్యన, 50 గజాల గీత మీద మోకరిల్లి ప్రార్థించేవాడు. తీర్పు రాసిన న్యాయమూర్తి గోర్సచ్ దాన్ని ఒక మనిషి చేసుకొన్న నిశ్శబ్ద వ్యక్తిగత ప్రార్థనగా వర్ణించారు. సొటోమేయర్ తన భిన్నాభిప్రాయంలో ఫొటోలు పెట్టారు. వాటిలో కోచ్ చుట్టూ ఆటగాళ్లు గుమిగూడి మోకాళ్ల మీద ఉన్నారు. 6-3తో కోచ్ గెలిచాడు, ప్రభుత్వం చేసిన పని మత స్థాపన అవుతుందా అని తేల్చడానికి 1971 నుంచి కోర్టులు వాడుతున్న లెమన్ పరీక్ష అనే కొలబద్ద చెల్లిపోయింది. దాని బదులు చరిత్రనూ సంప్రదాయాన్నీ చూడాలన్నారు. తెల్లవారితే జట్టులో ఎవరు ఆడాలో, ఎవరు బెంచి మీద కూర్చోవాలో నిర్ణయించే మనిషి మోకరిల్లినప్పుడు పదహారేళ్ల కుర్రవాడు నిలబడి ఉండటం ఎంత కష్టమో ఆ తీర్పులో ఎక్కడా కనిపించదు. బలవంతం అంటే చెయ్యి పట్టుకుని లాగడమే కానక్కరలేదు. ఆ తీర్పు ఇచ్చిన ధైర్యంతోనే 2024లో లూసియానా, 2025లో టెక్సస్ ప్రతి ప్రభుత్వ తరగతి గదిలోనూ బైబిల్లోని పది ఆజ్ఞలను గోడకు తగిలించాలని చట్టాలు చేశాయి. సరిగ్గా ఇలాంటి కెంటకీ చట్టాన్ని 1980లో సుప్రీంకోర్టు కొట్టేసింది. కొత్త కొలబద్దతో ఆ తీర్పు నిలుస్తుందా అన్నదే ఇప్పటి పోరు.

మత స్వేచ్ఛాచరణ అన్న రెండో ముక్క మనకు బాగా పనికివచ్చినది. ఫ్లోరిడాలోని హయలియా నగరం, సాంటెరియా అనే ఆఫ్రో-క్యూబన్ మతస్థులు కోళ్లనూ మేకలనూ బలిస్తున్నారని, వారిని ఆపడానికే అల్లిన నిబంధనలు తెచ్చింది. మాంసం కోసం చేసే వధకు వాటిలో మినహాయింపులున్నాయి. ఒక్క మతాన్ని గురిపెట్టిన చట్టమని 1993లో కోర్టు ఏకగ్రీవంగా రద్దు చేసింది. ఎవరినీ గురిపెట్టని, అందరికీ ఒకేలా ఉండే చట్టమైతే మాత్రం మతం పేరుతో తప్పించుకోలేరని 1990లోనే ఆదిమ అమెరికన్లు ఆరాధనలో వాడే పెయోటీ అనే మత్తు మొక్క కేసులో చెప్పి ఉంది. దానికి విరుగుడుగా కాంగ్రెస్ చేసిన ప్రయత్నాల్లో 2000 నాటి మతసంస్థల భూవినియోగ చట్టం ఒకటి. ఆలయాల పనిచేసే నాబోటివారికి ఇది రోజువారీ పనిముట్టు. ఏ స్థలంలో ఏం కట్టవచ్చో తేల్చే జోనింగ్ బోర్డు విచారణల్లో మీ విగ్రహాలు మాకు వద్దని ఎవరూ అనరు. ట్రాఫిక్ అంటారు, పార్కింగ్ అంటారు, మురుగునీరు అంటారు. కొన్ని అభ్యంతరాలు నిజమైనవే, దీపావళి నాడు మనవాళ్లు కార్లు ఎలా పెడతారో నాకూ తెలుసు. అయితే గోపురం ఎత్తు ఎక్కువన్నప్పుడు, అదే వీధిలోని చర్చి శిఖరం ఎన్ని అడుగులో కొలిపించి బల్ల మీద పెడతాను. సమానంగా చూడమని ఆ చట్టం చెబుతుంది కాబట్టి, చాలాసార్లు చర్చ అక్కడితో చల్లబడుతుంది.

గోడ మతానికీ రాజకీయానికీ మధ్య లేదని మొదట్లో అన్నాను, దానికి రుజువు టెనెసీ కేసు. మతబోధకులు శాసనసభకు పోటీ చేయకూడదని ఆ రాష్ట్రంలో నిషేధం ఉండేది. ఒక బాప్టిస్టు బోధకుడి కేసులో 1978లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. మార్టిన్ లూథర్ కింగ్ పౌరహక్కుల ఉద్యమాన్ని చర్చి వేదికల మీద నుంచే నడిపారు. ఆయన ప్రసంగించిన అట్లాంటా ఎబెనెజర్ చర్చి పాస్టరు రఫాయెల్ వార్నాక్ ఇవాళ సెనేటరు. 1960లో కాథలిక్ అయిన జాన్ కెనెడీ హ్యూస్టన్‌లో ప్రొటెస్టెంట్ బోధకుల ముందు నిలబడి, చర్చికీ ప్రభుత్వానికీ మధ్య ఎడం సంపూర్ణంగా ఉండే అమెరికాను తాను నమ్ముతానని చెప్పవలసి వచ్చిందంటే, పోప్ మాట వింటాడేమోనన్న ఓటర్ల భయమే కారణం. ఆ మాట ఆయన చేత పలికించింది ఎన్నికల అవసరం. అప్పటికి ఏ కోర్టూ దాన్ని అడగలేదు.

మీ కమిటీ సంగతి. మీ ఆలయం పన్ను చట్టంలోని 501సి3 సెక్షన్ కింద పన్ను మినహాయింపు పొందిన సంస్థ. అప్పటి సెనేటరు లిండన్ జాన్సన్ చొరవతో 1954లో చేర్చిన నిబంధన ప్రకారం ఇలాంటి సంస్థలు ఏ అభ్యర్థికీ అనుకూలంగా గానీ ప్రతికూలంగా గానీ ప్రచారం చేయకూడదు. సమస్యల గురించి మాట్లాడవచ్చు, ఓటరు నమోదు శిబిరం పెట్టవచ్చు, అభ్యర్థులందరినీ సమానంగా పిలిచి చర్చ పెట్టవచ్చు. 1992 ఎన్నికలకు నాలుగు రోజుల ముందు క్లింటన్‌కు ఓటు వేయవద్దని పత్రికల్లో ప్రకటన ఇచ్చిన న్యూయార్క్ రాష్ట్రపు చర్చి ఒకటి మినహాయింపు పోగొట్టుకుంది, 2000లో అప్పీలు కోర్టు కూడా దాన్ని సమర్థించింది. 2025 జులైలో పన్నుల శాఖ ఒక టెక్సస్ కేసులో, ఆరాధన సందర్భంగా తమ భక్తులతో తమ మామూలు పద్ధతుల్లో మాట్లాడే మాటలు ఈ నిషేధం కిందికి రావని ఒప్పుకుంటూ పత్రం దాఖలు చేసింది. అది పట్టుకుని మన సంఘాల వాట్సాప్ గ్రూపుల్లో ఇక అడ్డు లేదని సందేశాలు తిరిగాయి. చట్టం పుస్తకంలో అలాగే ఉంది, ఆ పత్రం డబ్బు ఖర్చు గురించీ బయటివారికి చేసే ప్రచారం గురించీ ఏమీ అనలేదు, పైగా రేపు వచ్చే ప్రభుత్వం దాన్ని అలాగే చదువుతుందన్న పూచీ లేదు.

అందుచేత అభ్యర్థికి శాలువా కప్పడం తప్పు కాదు, ఎదుటి అభ్యర్థికీ అదే శాలువా కప్పడానికి సిద్ధంగా ఉంటేనే. ప్రస్తుతం పదవిలో ఉన్నవారిని ఆ హోదాలో పిలిస్తే ఎన్నికల మాట వేదిక మీద రాకూడదు. విరాళాల సేకరణ ఆలయ ప్రాంగణంలో వద్దు. కమిటీ అధ్యక్షుడికి ఒకరంటే ఇష్టమైతే తన ఇంట్లో విందు పెట్టుకోవచ్చు గానీ ఆలయ లెటర్‌హెడ్, ఆలయ ఈమెయిల్ జాబితా, ప్రసాదం కౌంటరు పక్కన కరపత్రాలు వాడకూడదు. ఇద్దరికీ ఒకే రోజున, ఒకే పాఠంతో ఆహ్వానాలు పంపండి; ఒకరు రాకపోయినా ఫరవాలేదు, పిలిచినట్టు ఆధారం ఉండాలి. ఆ రెండు ఆహ్వానాల నకళ్లనూ కమిటీ మినిట్స్ పుస్తకంలో అంటించి, కార్యదర్శి చేత తేదీ వేయించి సంతకం పెట్టించండి. రేపు ఎవరైనా అడిగితే మీరు చూపించవలసినది ఆ పేజీ.